దండకారణ్యపు మహా వేటగాడు

గోదావరి లోయలో సుమారు 18 కోట్ల ఏళ్ల కిందట ఒక పెద్ద మాంసాహారి డైనోసార్ వేటాడి బతికింది. శాస్త్రవేత్తలు దానికి పెట్టిన పేరు దండకోసారస్ ఇండికస్. ఆ పేరుకు ఆధారం ఒక తుంటి ఎముక ముక్క. అంత పెద్ద జంతువుకు అంత చిన్న సాక్ష్యమే ఎందుకు మిగిలింది? ఆ ముక్క మనకేం చెబుతుంది? నంద్యాల, ఆళ్లగడ్డ నేలకు ఈ కథలో చోటెక్కడ?

నల్లమల రాళ్లకు ఎముక తెలియదు

ఆళ్లగడ్డ నుంచి అహోబిలం దారిలో నల్లమల దగ్గరపడుతుంటే పిల్లలకు వచ్చే అనుమానం సహజమైనదే: ఇంత పాత కొండల్లో రాక్షసబల్లులు ఉండేవా? కొండలు పాతవే. డైనోసార్ల కోసం వెతకడానికి మరీ పాతవి. అహోబిలం చుట్టూ గోడల్లా నిలిచిన గట్టి క్వార్ట్‌జైట్ రాళ్లు, బేతంచెర్ల దగ్గర తవ్వితీసే నాపరాయి, కొలిమిగుండ్ల మండలంలో బెలూం గుహలను తనలో దాచుకున్న సున్నపురాయి అన్నీ కడప, కర్నూలు శిలాసముదాయాలకు చెందినవి. ఒకనాటి సముద్రం అడుగున పేరుకున్న ఇసుక, బురద, సున్నం గట్టిపడి ఈ రాళ్లయ్యాయి. అప్పటికి భూమ్మీద వెన్నెముక ఉన్న జీవి ఒక్కటీ పుట్టలేదు. కడప జిల్లా వేంపల్లె ప్రాంతపు రాళ్లలో పొరలు పొరలుగా కనిపించే గుండ్రని ఆకారాలు సూక్ష్మజీవులు కట్టిన గూళ్లు. జీవం అంటే అప్పట్లో అదే.

డైనోసార్ల కాలం వచ్చేసరికి ఈ ప్రాంతం ఎత్తయిన నేల. వాన కొడుతుంటే కొండలు అరుగుతూ వచ్చాయే తప్ప, కొత్తగా బురద పేరుకుని రాయిగా మారలేదు. చచ్చిన జంతువును వెంటనే కప్పేసే ఇసుకో బురదో ఉంటేనే ఎముక శిలాజంగా నిలుస్తుంది. కాబట్టి ఇక్కడి కుందూ నది లోయ మీదుగా రాక్షసబల్లులు నడిచిపోయి ఉండవచ్చు. ఆ నడక ఆనవాళ్లను దాచిపెట్టే రాయి మాత్రం ఇక్కడ తయారుకాలేదు.

ఆ రాయి గోదావరి లోయలో తయారైంది. ఈ రెండు నేలలనూ ఒకే మనిషి చదివాడు. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ, అందరూ జీఎస్‌ఐ అని పిలిచే సంస్థలో పనిచేసిన విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలాసముదాయాల మీద పెద్ద గ్రంథం వెలువరించాడు. ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించి సింగరేణి కథకు నాంది పలికిందీ ఆయనే. 1881లో ప్రాణహిత-గోదావరి లోయ భూగర్భం మీద మరో గ్రంథం రాశాడు. మన రాళ్ల గురించి తర్వాత వచ్చిన పరిశోధన చాలావరకు ఆయన వేసిన పునాది మీదే లేచింది.

ఊళ్ల పేర్లు ఎక్కిన కాలపటం

ప్రాణహిత-గోదావరి లోయ మొదట్లో నేల కుంగి ఏర్పడిన పొడవాటి పల్లం. కోట్ల ఏళ్లపాటు నదులు అందులోకి ఒండ్రు మోసుకొచ్చి పోశాయి. అడుగున బొగ్గు పొరలు. వాటిపైన ఒక్కో కాలానికి ఒక్కో రాతి పొర. ఆ పొరలకు ప్రపంచమంతా వాడే పేర్లు మన పల్లెలవి: యెర్రపల్లి, భీమారం, మాలేరి, ధర్మారం, కోట. అర్జెంటీనాలోనో ఇంగ్లండులోనో కూర్చున్న శాస్త్రవేత్త తన వ్యాసంలో ఈ పేర్లు రాయకుండా భారతదేశపు తొలి డైనోసార్ల గురించి చెప్పలేడు.

వీటిలో పైదైన కోట శిలాస్తరం సుమారు 18 కోట్ల ఏళ్ల నాటిది. సిరొంచ దగ్గర ప్రాణహిత ఒడ్డునున్న కోట గ్రామం పేరు దానికి వచ్చింది. అక్కడి సున్నపురాయి పలకల్లో చేపల శిలాజాలున్నాయని 19వ శతాబ్దంలోనే తెలిసింది. 1957లో ప్రశాంత చంద్ర మహలనోబిస్ ఆహ్వానం మీద లండన్ నుంచి శిలాజ శాస్త్రవేత్త పమేలా రాబిన్సన్ కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చాక ఈ లోయలో శిలాజాల వేట పద్ధతిగా మొదలైంది. ఆ బృందం తవ్వితీసిన భారీ శాకాహారికి 1975లో బరాపాసారస్ టాగోరీ అని పేరు పెట్టారు. తవ్వకం మొదలైన 1961 రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి సంవత్సరం కావడంతో ఆయన పేరు కలిసింది. చెట్ల మానులతో పాటు సుమారు 300 ఎముకలు దొరికాయి. తల మాత్రం దొరకలేదు.

ఆ తర్వాత జీఎస్‌ఐ హైదరాబాద్ శాస్త్రవేత్త పి. యాదగిరి పేరు ఈ లోయతో ముడిపడిపోయింది. అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర బయటపడ్డ శాకాహారి డైనోసార్‌ను ఆయన 1988లో కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్‌గా లోకానికి పరిచయం చేశారు. పన్నెండు జంతువులకు చెందిన 840 ఎముకలు అక్కడ దొరికాయి. వాటితో నిలబెట్టిన అస్థిపంజరం హైదరాబాద్ నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. నంద్యాల నుంచి రైలెక్కి వెళ్లి చూసి రాగలిగినంత దగ్గర్లో ఉన్న అసలు సిసలు తెలుగు నేల డైనోసార్ అది.

మరి ఆ శాకాహారులను తిన్నదెవరు?

ఒక్క ముక్క, ఒక వేటగాడు

జవాబు కూడా యాదగిరి చేతికే చిక్కింది. కోట శిలాస్తరంలో దొరికిన ఒక ఎముకను పరిశీలించి, అది పెద్ద మాంసాహారిదని తేల్చి, 1982లో దండకోసారస్ ఇండికస్ అని పేరు పెట్టారు. దండకారణ్యం ఆ లోయను ఆనుకుని విస్తరించిన అడవి. పేరు అక్కడిదే. ఎముక తుంటి భాగంలోని ప్యూబిస్. అదీ తొడ ఎముక వచ్చి కూర్చునే గుంట వైపున్న పై భాగం మాత్రమే.

చూసేవారికి అది విరిగిన రాతి ముక్క. చదవగలిగినవారికి ఒక జంతువు నడక. డైనోసార్ తుంటిలో మూడు ఎముకలు కలిసిన చోట తొడ ఎముక తల ఇమిడే గుంట ఉంటుంది. బల్లి, మొసలి కాళ్లు పక్కలకు చాచి ఉంటాయి. డైనోసార్ కాళ్లు స్తంభాల్లా ఒంటి కిందికి నిటారుగా దిగుతాయి. ఆ తేడా తుంటి గుంట ఆకారంలోనే తెలిసిపోతుంది. ప్యూబిస్ ఏ దిక్కుకు తిరిగి ఉంది, మిగిలిన రెండు ఎముకలతో ఎలా అతుక్కుంది అన్నదాన్ని బట్టి డైనోసార్లలో ఏ వర్గమో చెప్పొచ్చు. హ్యారీ సీలీ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త 1887లో డైనోసార్లను రెండు మహా విభాగాలుగా విడదీసింది తుంటిని చూసే.

ముక్క నుంచి మొత్తాన్ని అంచనా కట్టడం ఆళ్లగడ్డ శిల్పులకు చెబితే వింతపడరు. విగ్రహం చెక్కేటప్పుడు వాళ్లు పాటించే తాళమానంలో ముఖం పొడవే కొలబద్ద. నవతాళమైతే నిలువెత్తు విగ్రహం తొమ్మిది ముఖాలంత. ముఖం కొలత తెలిస్తే భుజం ఎక్కడ రావాలో, మోకాలు ఎక్కడ రావాలో రాయి మీద గీత పడిపోతుంది. శిలాజ శాస్త్రవేత్త పనీ అలాంటిదే. తేడా ఒక్కటే. శిల్పికి శాస్త్రం ముందే కొలతలు ఇస్తుంది. శిలాజ శాస్త్రవేత్త ఆ కొలతల్ని దగ్గరి బంధువుల అస్థిపంజరాల నుంచి తెచ్చుకోవాలి. బంధువులెవరో తెలియకపోతే మొత్తం ఎంతో చెప్పడం కష్టం. దండకోసారస్ విషయంలో జరిగింది ఇదే.

పేరు నిలవడం కష్టమైంది

కొత్త జాతికి పేరు పెట్టాలంటే మరే జాతిలోనూ లేని లక్షణం కనీసం ఒకటైనా ఆ ఎముకలో కనపడాలి. దండకోసారస్ ముక్కలో అలాంటి ముద్ర ఉందని తర్వాత చూసిన శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. అందుకే ఈరోజు ఆ పేరును సందేహాస్పద నామాల జాబితాలో ఉంచుతున్నారు. ఆ జంతువు థెరోపాడ్ అనడంలో మాత్రం పేచీ లేదు. థెరోపాడ్ అంటే రెండు కాళ్ల మీద నడిచే, బోలు ఎముకలున్న డైనోసార్ల వర్గం. పేరు మీద సందేహం వచ్చింది కానీ వేటగాడి ఉనికి మీద రాలేదు.

ఈ తేడాను గట్టిగా పట్టుకోవాలి. 18 కోట్ల ఏళ్ల నాటి పెద్ద మాంసాహారులు ప్రపంచంలో ఎక్కడా విరివిగా దొరకలేదు. అమెరికాలోని అరిజోనాలో 1942లో తవ్వితీసిన డైలోఫోసారస్ ఒకటి. అంటార్కిటికాలో మంచు మధ్య పైకి తేలిన రాళ్లలో 1991లో బయటపడ్డ క్రయోలోఫోసారస్ మరొకటి. అప్పట్లో భారతదేశం, అంటార్కిటికా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా గోండ్వానా అనే ఒకే మహాఖండంలో భాగాలు. అంటే క్రయోలోఫోసారస్ తిరిగిన నేలకూ దండకోసారస్ తిరిగిన నేలకూ మధ్య సముద్రం లేదు. ఆ మహాఖండంలో మాంసాహారులు ఎలా విస్తరించాయో రాయాలంటే గోదావరి లోయ సాక్ష్యం కావాల్సిందే. ప్రస్తుతానికి ఆ సాక్ష్యం చిన్నదే. దాన్ని పారేసి రాసే చరిత్రలో మాత్రం మనవైపు ఖాళీ మిగిలిపోతుంది.

సాక్ష్యం ఇంత తక్కువ ఎందుకంటే కారణాలున్నాయి. ఏ అడవిలోనైనా మేసే జంతువులు వేలల్లో ఉంటే వేటాడేవి పదుల్లో ఉంటాయి. నల్లమలలో జింకలెన్ని, పెద్దపులులెన్ని అని లెక్కేస్తే తెలుస్తుంది. పైగా థెరోపాడ్ ఎముకలు లోపల డొల్ల, గోడలు పలచన. వరదలో కొట్టుకుపోతే ముందుగా నుగ్గయ్యేవి అవే. శాకాహారుల బరువైన ఎముకలు వందల్లో నిలిచిన చోట వేటగాడి ఎముక ఒకటి నిలవడమే గొప్ప.

చేజారినవి, చేజిక్కినవి

యాదగిరి జీవితంలోనే ఇంకో ఉదంతం ఉంది. తమిళనాడులోని అరియలూరు ప్రాంతం, కల్లమేడు దగ్గర దొరికిన అతి భారీ ఎముకలను ఆయన, సహ పరిశోధకుడు అయ్యసామి కలిసి 1980ల చివర్లో బృహత్కాయోసారస్ మట్లీ అనే పేరుతో ప్రకటించారు. కాలి ఎముక ఒకటి రెండు మీటర్ల పొడవు. దాన్ని మొదట మాంసాహారిగానే భావించారు. తర్వాత ఇతర శాస్త్రవేత్తలు అది పొడవాటి మెడ ఉన్న శాకాహారి అని, భూమ్మీద నడిచిన అతి పెద్ద జంతువుల్లో ఒకటి కావచ్చని అన్నారు. వాదం తేల్చాలంటే ఎముకలు మళ్లీ చూడాలి. చూడటానికి ఎముకలు లేవు. మెత్తబడి ఉన్న ఆ శిలాజాలు పొడిపొడి అయిపోయాయని 2017లో అయ్యసామి, పీటర్ గాల్టన్ వెల్లడించారు. ఇప్పుడు మిగిలినవి పాత బొమ్మలు, ఫొటోలు. ప్రపంచంలోనే పెద్దదని చెప్పుకోదగ్గ జంతువు గురించి రుజువు చూపలేని స్థితిలో పడ్డాం.

దీనికి పూర్తిగా ఎదురైన కథ జబల్‌పుర్‌ది. 1828లో విలియం స్లీమన్ అనే సైనికాధికారికి అక్కడ కొన్ని తోక వెన్నుపూసలు దొరికాయి. వాటి ఆధారంగా 1877లో రిచర్డ్ లిడెక్కర్ టైటనోసారస్ ఇండికస్ అని పేరు పెట్టాడు. భారతదేశంలో పేరు పొందిన తొలి డైనోసార్ అది. ఆ తోక వెన్నుపూసలు పోయాయనే దశాబ్దాలపాటు అందరూ అనుకున్నారు. 2012లో ధనంజయ్ మోహబే, సహ పరిశోధకులు కోల్‌కతాలో జీఎస్‌ఐ సేకరణలోనే ఒకదాన్ని మళ్లీ గుర్తించారు. బీరువాలో భద్రంగా ఉన్నందుకే అది దొరికింది.

ఇంకా తాజా సంగతి. మాలేరి శిలాస్తరం పై భాగంలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన టి. ఎస్. కుట్టి దశాబ్దాల కిందట సేకరించిన కొన్ని తుంటి ఎముకలు, వెన్నుపూసలను అర్జెంటీనా శాస్త్రవేత్త మార్టిన్ ఎజ్‌కుర్రా, శంకర్ చటర్జీ తదితరులు తిరిగి పరిశీలించారు. 2025లో వాటికి మాలేరిరాప్టర్ కుట్టీ అని పేరు వచ్చింది. దండకోసారస్ కంటే నాలుగు కోట్ల ఏళ్లు పాతదైన ఈ మాంసాహారి కూడా ముక్కలుగానే తెలుసు. ఆ ముక్కల్లో మాత్రం తేడా చెప్పే లక్షణాలు ఉన్నాయి. సేకరించిన రోజున వాటి విలువ ఎవరికీ పూర్తిగా తెలియదు. పోల్చి చూసేందుకు దక్షిణ అమెరికా ఎముకలు పోగయ్యాక తెలిసింది.

దండకోసారస్‌కూ అలాంటి రోజు రావచ్చు. కోట శిలాస్తరంలో మరో తుంటి ఎముక, ఒక దవడ, కాసిన్ని పళ్లు దొరికిన రోజున ఈ పాత ముక్కను పక్కన పెట్టి పోల్చాల్సి ఉంటుంది. అందుకు అది అప్పటికి ఉండి తీరాలి.

మన బిల్లసర్గం ఎముకలు

ఇక్కడ నంద్యాల జిల్లాకు ఈ కథలో సొంత అధ్యాయం ఉంది. బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలున్నాయి. అక్కడ ఎముకలు ఉన్నాయని 1840ల్లోనే కెప్టెన్ న్యూబోల్డ్ రాశాడు. ఆ తర్వాత ప్రఖ్యాత జీవశాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ ప్రోద్బలంతో మద్రాస్ గవర్నర్ గ్రాంట్ డఫ్ ఈ గుహలను తవ్వించే పని జీఎస్‌ఐ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్‌కు అప్పగించాడు. 1880ల మధ్యలో ఫూట్, సైనికాధికారి అయిన ఆయన కొడుకు హెన్రీ ఫూట్ గుహల అడుగున పొరలు పొరలుగా తవ్వి వందల ఎముకలు తీశారు.

వాటిని పరిశీలించింది జబల్‌పుర్ డైనోసార్‌కు పేరు పెట్టిన ఆ లిడెక్కరే. 1886లో ఆయన ఒక ఖడ్గమృగానికి రైనోసెరస్ కర్నూలియెన్సిస్ అని పేరు పెట్టాడు. ఇవి డైనోసార్ల నాటివి కావు. మనిషి తిరుగుతున్న కాలానివి. అయినా ఈ ఎముకలు చెప్పే సంగతి చిన్నది కాదు. ఇప్పుడు జొన్న, శనగ, పత్తి పండుతున్న ఈ ప్రాంతంలో ఒకప్పుడు ఖడ్గమృగాలు మేశాయి. మన కాలంలో శాస్త్రవేత్తలు ఆ గుహలకు తిరిగి వెళ్లి, కొత్త పద్ధతులతో పొరల వయసు కట్టి, ఫూట్ రాసుకున్న వివరాలతో పోల్చి చూడగలిగారు. ఆయన ఏ పొరలో ఏది దొరికిందో రాసిపెట్టాడు కనకే అది సాధ్యమైంది.

బనగానపల్లె మండలం జ్వాలాపురం దగ్గర జుర్రేరు లోయలో సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలోని తోబా అగ్నిపర్వతం నుంచి ఎగిరొచ్చిన బూడిద పొర ఉంది. దాని కిందా పైనా మనిషి చేసిన రాతి పనిముట్లు దొరికాయని రవి కొరిసెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా బృందం 2007లో ప్రకటించినప్పుడు ప్రపంచ శాస్త్రలోకం జ్వాలాపురం వైపు చూసింది. ఆ బూడిదను పొడి తయారీ కోసం తవ్వుకుపోయారు కూడా. ఒక మహా విస్ఫోటనానికి సాక్షిగా నిలిచిన పొరకు గిన్నెలు తోమే పొడిగా వెలకట్టడం మన నష్టం.

వేటగాడి వారసులు

థెరోపాడ్‌లు పూర్తిగా అంతరించలేదు. బిల్లసర్గం తవ్వకాలకు కదలిక తెచ్చిన హక్స్‌లీయే 1860ల చివర్లో పక్షులకూ డైనోసార్లకూ దగ్గరి చుట్టరికం ఉందని వాదించాడు. ఇప్పుడది వాదం కాదు. మూడు వేళ్ల పాదం, బోలు ఎముకలు, ఛాతీ ముందు కొక్కెంలా కలిసిన ఎముక, ఈకలు అన్నీ థెరోపాడ్‌ల నుంచి పక్షులకు వచ్చినవే. పొలంలో తిరిగే కొంగ, పెరట్లో గింజలేరుకునే కోడి, అహోబిలం అడవిలో కూసే నెమలి అన్నీ ఆ వంశమే.

నంద్యాల జిల్లాలో ఆ వంశానికి ఒక ప్రత్యేక ప్రతినిధి ఉండేది. నందికొట్కూరు ప్రాంతంలోని రోళ్లపాడు పచ్చిక బయళ్లను 1988లో అభయారణ్యంగా ప్రకటించింది బట్టమేక పిట్ట కోసం. మనిషి నడుం ఎత్తుకు ఎదిగే ఈ బరువైన పక్షి మిడతలు, బల్లులు, గింజలు ఏరుకుంటూ నేల మీద నడిచి బతుకుతుంది. దేశమంతా కలిపి నూటయాభైకి మించి లేవని అంచనా. రోళ్లపాడులో ఇప్పుడది కనిపించడమే అరుదైపోయింది. 18 కోట్ల ఏళ్ల కిందటి వేటగాడి ఎముకలు చెదిరిపోవడంలో మన చెయ్యి లేదు. బట్టమేక పిట్ట కనుమరుగవడంలో ఉంది.

ముందు ముక్కను కాపాడుకుందాం

ఇటలీ ఉత్తరాన సాల్ట్రియో అనే ఊళ్లో రాతి క్వారీలో 1996లో ఒక ఔత్సాహికుడికి ఎముకలు కనిపించాయి. పేలుడు మందు ధాటికి అప్పటికే అవి ముక్కలైపోయాయి. ఆ ముక్కల్ని ఏరి, శుభ్రం చేసి, ఏళ్ల తరబడి పోల్చి చూస్తే 2018లో సాల్ట్రియోవెనేటర్ అనే పెద్ద మాంసాహారి పుట్టుకొచ్చింది. అది దండకోసారస్ కంటే కొంత పాతది. క్వారీలు మనకూ ఉన్నాయి. బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల చుట్టూ రాయి తీసేవారికి మించి ఆ నేలను రోజూ తాకేవారు లేరు. నాపరాయిలో డైనోసార్ దొరకదు. కానీ సున్నపురాయి పగుళ్లలో, గుహల మట్టిలో బిల్లసర్గం లాంటి ఎముకలు దొరికే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. దొరికితే ఉన్నచోటే వదిలి, ఫొటో తీసి, ఏ లోతులో ఏ మట్టిలో ఉందో రాసిపెట్టి, తహసీల్దారుకో దగ్గర్లోని కాలేజీ అధ్యాపకులకో జీఎస్‌ఐకో కబురు పెట్టాలి. ఎముకతో పాటు అది దొరికిన చోటు వివరం ఉంటేనే దానికి చరిత్ర ఉంటుంది.

ప్రభుత్వం వైపు నుంచీ బాధ్యత ఉంది. భూవారసత్వ ప్రదేశాలను, శిలాజాలను కాపాడేందుకు కేంద్ర గనుల శాఖ 2022లో ఒక ముసాయిదా బిల్లును ప్రజల ముందుంచింది. అలాంటి చట్టం పటిష్ఠంగా అమలైతేనే గోదావరి లోయ శిలాజాలకూ, జ్వాలాపురం బూడిదకూ, బిల్లసర్గం గుహలకూ రక్షణ. అదే ఏడాది ఏప్రిల్‌లో ఏర్పడిన నంద్యాల జిల్లాకు తన భూమి చరిత్రను చూపే మ్యూజియం ఉండటం న్యాయం. బెలూం చూడటానికి వచ్చేవారికి ఆ రాయి వయసు, కర్నూలు ఖడ్గమృగం కథ, తోబా బూడిద, గోదావరి లోయ రాక్షసబల్లులు ఒకేచోట తెలియాలి. విగ్రహాలు చెక్కే ఆళ్లగడ్డ ఉలి ఉండగా కోటసారస్ నమూనా కోసం వేరే ఊరు పోవాల్సిన పనిలేదు.

యాదగిరి పేరు ఇప్పుడు ఒక శిలాజం మీద ఉంది. ఆదిలాబాద్ ప్రాంతంలోని పైకాసిగూడెం దగ్గర కోట శిలాస్తరంలో దొరికిన ఒక బుల్లి క్షీరదాన్ని పైకాసిగూడోడాన్ యాదగిరీ అంటున్నారు. అదీ ఒక పన్ను ఆధారంగానే. ఆయన పెట్టిన దండకోసారస్ అనే పేరు నిలవొచ్చు, నిలవకపోవచ్చు. దాన్ని తేల్చేది రేపటి పరిశోధకులు. తేల్చడానికి కావాల్సిన ఎముకను, అది దొరికిన నేలను వాళ్ల చేతికి చెక్కుచెదరకుండా అందించడం మన తరం పని. ఈ పని గోదావరి ఒడ్డున ఎంత అవసరమో, కుందూ ఒడ్డునా అంతే అవసరం.